ఓక్ చెట్టు నీడ అంచున

మా ఊరి అడవిలో చెట్లు దగ్గరదగ్గరగా ఉండవు. తెల్లటి బర్చ్ మానుల మధ్య నుంచి గొర్రెల మంద దర్జాగా నడిచి వెళ్ళిపోగలదు. పొదలైతే అసలే లేవు, ఆ గొర్రెలే ఎప్పుడో తినేశాయి. ఇక్కడ దాక్కోవడం ఎవరి వల్లా కాదని మా క్లబ్బులో అందరూ అంటారు. నేను ఒప్పుకోను. కాకపోతే పైకి అనను.

ప్రతి ఆదివారం మేమంతా ఇక్కడే ఎయిర్‌సాఫ్ట్ ఆడతాం. చూడటానికి అసలు తుపాకుల్లాగే ఉండే ఆట తుపాకులు, వాటిలో చిన్న ప్లాస్టిక్ పూసలు. పూస తగిలితే రంగు అంటదు, గుర్తు మిగలదు. తగిలినవాళ్ళే చెయ్యెత్తి "హిట్" అని ఒప్పుకోవాలి. ఆట మొత్తం ఆ మర్యాద మీదే నడుస్తుంది. ఏటా నవంబరులో లోయ అవతలి ఊరి క్లబ్బుతో ఈ అడవిలోనే పెద్ద ఆట ఉంటుంది. దానికి మేం దింపేది ఒక్క స్నైపర్‌నే. కిందటేడు నన్ను ముందు వరుసలో నిలబెట్టారు. ఎవరు ఎటు వస్తున్నారో రోజంతా కేకలేసి చెప్పాలి. నాకు అది సాయంత్రం దాకా చేదు మందు మింగినట్టే అయింది. ఈ ఏడు ఆ స్నైపర్ చోటు నాకు కావాలి. ఎవరితోనూ మాట్లాడకుండా, కదలకుండా పడుకుని, ఒకే ఒక్క పూసను సరిగ్గా పంపే పని అది. ఆ పని నాకంటే బాగా చేసేవాళ్ళు మా ఊళ్ళో లేరు.

మా అన్న రూఫస్ కూడా తన గురించి అదే అనుకుంటున్నాడు.

పరీక్ష పెట్టేది నోరీన్. వారమంతా పోస్టు వ్యాన్ నడుపుతుంది, ఆదివారం క్లబ్బు నడుపుతుంది. ఆవిడ అడవి గేటు దగ్గర మాకు వీపు పెట్టి, ఫ్లాస్కు మూతలో టీ పోసుకుని తాగుతుంది. అది అయ్యేలోగా మేం దాక్కోవాలి. తర్వాత బైనాక్యులర్లతో వెతుకుతుంది. దొరికినవాడు ఓడిపోయి ఆవిడ చెప్పిన చోటల్లా నడిచి, మిగిలినవాళ్ళను వెతికిపెట్టాలి. దొరకనివాళ్ళు నోరీన్‌నే గురి చూసి ఒక్కసారి కాల్చాలి. తగిలాక కూడా ఆవిడకు కనపడకపోతే చోటు వాళ్ళది.

పరీక్షకు ముందు వారం రూఫస్‌కి పార్సిల్ వచ్చింది. తల నుంచి కాళ్ళ దాకా ఆకుపచ్చ పోగులు వేలాడే మాటు దుస్తులు. వేసుకుని వంటింట్లో గిర్రున తిరిగాడు.

"ఎలా ఉన్నానే?"

"పొదలా ఉన్నావు."

"మరి అదేగా కావాల్సింది!"

"మన అడవిలో పొదలెక్కడున్నాయి?"

"నీకు అన్నిట్లోనూ వంకలేనే హెటీ. కుళ్ళు."

కుళ్ళు కాదు. నేను అప్పటికే రకరకాల గుడ్డముక్కలు అడవిలో నేల మీద పరిచి, ఎగరకుండా రాళ్ళు పెట్టి, గేటు దగ్గర నుంచి చూసి వచ్చాను. కళ్ళు సగం మూసి చూశాను. ఫోనులో ఫోటో తీసి దాన్ని నలుపు తెలుపుగా మార్చి చూశాను. అలా చూస్తే రంగులు పోయి ఏది ముదురో ఏది లేతో తెలిసిపోతుంది. చేతిలో అంత అందంగా ఉన్న ఆకుపచ్చ, దూరం నుంచి నేలలో పడ్డ నల్లటి గొయ్యిలా కనిపించింది. గోనెగుడ్డ మరీ తెల్లగా కనిపించింది. అదే గోనెగుడ్డను చిక్కటి టీలో రాత్రంతా నానబెట్టి పరిస్తే, ఎక్కడ పెట్టానో నాకే వెతుక్కోవలసి వచ్చింది. రాలిన ఆకులు వేలాడవు, చదునుగా పడుకుంటాయి. అందుకని పోగులు పెట్టకుండా, ఆ గుడ్డనే ఆకులంత ముక్కలుగా కత్తిరించి పాత కోటు మీద కుట్టాను. ముఖానికి కట్టుకునే జాలీకి కూడా కుట్టాను.

శనివారం రాత్రి గాలివాన వచ్చింది. పొద్దున్నే వెళ్ళి చూస్తే బర్చ్ ఆకులన్నీ రాలి, అడవి నేల మొత్తం పసుపు ఆరబోసినట్టు ఉంది. నా కోటు దాని మీద వేస్తే ఎండలో పడుకున్న గేదెలా కనపడింది.

రూఫస్ పడీపడీ నవ్వాడు. "అయిపోయింది నీ గోనెసంచి పని! పోయి టీ కాచుకో."

"నీ పొదకి ఏమన్నా కలిసొచ్చిందా?" అన్నాను.

"పొద ఏ కాలంలోనైనా పొదేనే!"

నేను అప్పటికే ఓక్ చెట్ల వైపు చూస్తున్నాను. అడవిలో అవి మూడే ఉన్నాయి. బర్చ్ ఆకులు రాలిపోయినా ఓక్ ఆకులు ఇంకొన్నాళ్ళు కొమ్మను వదలవు. వాటి కింద నేల కిందటేడు ఆకులతో, నా కోటు రంగులోనే ఉంది. ఆ సంగతి నోరీన్‌కి కూడా తెలుస్తుంది. ముందు ఆ మూడు మానుల మొదళ్ళే వెతుకుతుంది. దాక్కునేవాళ్ళు ఎవరైనా మానును ఆనుకునే పడుకుంటారు కదా. నేను మానుకు దూరంగా, పాత ఆకులు అయిపోయి పసుపు మొదలయ్యే అంచుకు కాస్త ఇవతల, బయలులో బోర్లా పడుకున్నాను. తుపాకీని గోనెగుడ్డతో కప్పి, మోచేతులు లోపలికి లాక్కున్నాను. అంత బట్టబయలుగా ఎవరూ పడుకోరు. అందుకే అక్కడ పడుకున్నాను.

నోరీన్ టీ తాగి ఇటు తిరిగింది. బైనాక్యులర్లు ఎత్తకుండానే నవ్వేసింది.

"రూఫస్! రోజూ ఈ దారిలోనే ఉత్తరాలు పంచుతానురా నాయనా. రాత్రికి రాత్రే మొలిచిన ఆ పొద ఏంటో నాకు తెలీదా? లేచి రా."

గేటు దగ్గరున్నవాళ్ళు ఈలలు వేశారు. రూఫస్ పోగులు ఈడ్చుకుంటూ లేచాడు. నోరీన్ బైనాక్యులర్లు ఎత్తి చాలాసేపు చూసింది.

"ఓక్ కింద ఉంటుంది. మధ్య చెట్టు దగ్గరికి పో. వెనక్కి తిరుగు. వేరు పక్కన చూడు."

"లేదు!"

"సరిగ్గా చూశావా?"

"ఉంటే కదా చూడ్డానికి!"

రూఫస్ మాను చుట్టూ తిరిగి, నన్ను దాటుకుంటూ మూడో చెట్టు వైపు నడిచాడు. అతని బూటు నా చేతి పక్కనే పడింది. నేను ఊపిరి ముక్కుతో మెల్లగా వదిలాను. పైనుంచి ఒక ఓక్ ఆకు వచ్చి నా మణికట్టు మీద వాలింది. దాన్ని అలాగే ఉండనిచ్చాను.

గాలి కోసం చూశాను. గాలి వస్తే తలమీది ఓక్ ఆకులు గలగలమంటాయి, తుపాకీ చప్పుడు అందులో కలిసిపోతుంది. రూఫస్ బాగా పక్కకు వెళ్ళాక గాలి వచ్చింది. నోరీన్ ఎడమ భుజానికి కాస్త పైకి గురిపెట్టి మీట నొక్కాను.

పూస వెళ్ళడం చూశాను. తగలడం మాత్రం కనపడలేదు. నోరీన్ కదల్లేదు. ఆవిడ వేసుకున్నది మందపాటి చలికోటు. తగిలిందో లేదో ఆ అడవిలో ఆవిడ ఒక్కతే చెప్పగలదు.

ఆవిడ బైనాక్యులర్లు దించి చెయ్యెత్తింది.

"హిట్! ఎడమ భుజం!"

తర్వాత మళ్ళీ వెతికింది. ఓక్ మొదళ్ళు, పడిపోయిన కొమ్మలు, రాళ్ళగోడ, అన్నీ చూసింది. ఆవిడ చూపు రెండుసార్లు నా మీదుగా వెళ్ళింది.

"ఓడిపోయాను. లే పిల్లా, ఎక్కడున్నావో!"

నేను లేచాను. రూఫస్ గతుక్కుమని వెనక్కి దూకాడు.

"అమ్మ బాబోయ్! నిన్ను తొక్కేసేవాణ్ణి కదే!"

"తొక్కలేదుగా."

"తొక్కినా లేచేదానివి కావు నువ్వు," అని నెత్తి కొట్టుకున్నాడు. గేటు దాకా నా తుపాకీ తనే మోసుకొచ్చాడు.

నోరీన్ నా కోటు అంచు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "చోటు నీదే. కానీ ఆటకి ఇంకా మూడు వారాలుంది. అప్పటికి ఓక్ ఆకులు కూడా రాలిపోతాయి. ఆ రోజు ఏం వేసుకుంటావు?"

"ఇది మాత్రం కాదు," అన్నాను. "ఆ పొద్దున్నే వచ్చి నేల ఎలా ఉందో చూస్తాను. దాన్నిబట్టి కుడతాను."

నోరీన్ తల ఊపి, ఫ్లాస్కులో మిగిలిన టీ మూతలో పోసి నా చేతికిచ్చింది.