నన్ను బానిస పెట్టె అన్నారు

నేను ఒక పాత కంప్యూటర్‌ని. ఒంగోలులో ఒక దుకాణంలో నన్ను బిగించారు. ఆరేళ్లు ఒక బీమా ఆఫీసులో జనం పుట్టిన తేదీలూ, పోయిన తేదీలూ దాచుకున్నాను. ఆ ఆఫీసు కొత్తవి కొనుక్కుని, నన్నూ నాలాంటి తొమ్మిదింటినీ గొల్లవారిపాలెం హైస్కూలుకు ఇచ్చేసింది. తమకు అక్కర్లేనిదాన్ని ఇవ్వడాన్ని మనుషులు దానం అంటారని అప్పుడే తెలిసింది.

బడిలో మమ్మల్ని చూసుకునేది దమయంతి టీచర్. ఆవిడ చెప్పేది సాంఘికశాస్త్రం. ఎవరూ ముందుకు రాకపోతే కంప్యూటర్ గది తాళం తనే తీసుకున్నారు. ఆదివారాలు బస్సెక్కి పట్నం వెళ్లి తెలుగు టైపింగ్ నేర్చుకుని, సోమవారం పిల్లలకు నేర్పేవారు. నా మీటల మీద అక్షరాలు అరిగింది ఆ పిల్లల వేళ్లకే.

నాలో ఉన్న సాఫ్ట్‌వేర్ గడువు మార్చితో తీరిపోతుంది. మళ్లీ కొనే స్తోమత బడికి లేదు. మా పదింటినీ తుక్కు జాబితాలో రాసేశారు.

అప్పుడొచ్చాడు సాల్మన్. పట్నంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంఘం అతనిది. అతను తెచ్చినదానికి గడువు లేదు. లోపల ఎలా రాశారో ఎవరైనా విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచొచ్చు. మనిషి మంచివాడే. కాకపోతే, తనకు గిట్టనిదాన్ని దాని పేరుతో పిలవడు. నాలో ఉన్నది సంకెళ్ల సాఫ్ట్‌వేర్. దాన్ని చేసింది కబ్జా కంపెనీ. నేనేమో బానిస పెట్టెను.

పిల్లలకు ఆ మాటలు తెగ నచ్చాయి.

"అయితే మన టీచరు బానిసల టీచరంట్రా" అన్నాడు తొమ్మిదో తరగతి గంగాధరం. ఆవిడ అప్పుడు గుమ్మంలోనే ఉన్నారు. లోపలికొచ్చి హాజరు వేసుకున్నారు.

కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టాలంటే హెడ్మాస్టరు గారికి అర్జీ ఇవ్వాలి, దానిమీద టీచర్ సంతకం ఉండాలి. సాల్మన్ చేత్తో రాసుకొచ్చిన అర్జీలో "పది బానిస పెట్టెల విముక్తికి అనుమతి కోరుతూ" అని ఉంది. ఆవిడ చదివి, మడిచి, తిరిగిచ్చేశారు.

"నేను సంతకం పెట్టను బాబూ."

"అదేంది మేడం? తుక్కులో పోతాయి."

"పోనీ. నాలుగేళ్లు నేను నేర్పింది బానిసత్వమైతే పోవడమే మేలుగా."

"అయ్యో, మిమ్మల్ని కాదండీ. నేనన్నది ఆ కంపెనీని."

"కంపెనీవాళ్లు ఇక్కడెవరున్నారు? వింటుంది మేమేగా."

సాల్మన్ నా ముందు కుర్చీలో కూలబడ్డాడు. "మళ్లీ రాస్తానండీ. ఈసారి టైపులో ఇద్దామంటే నాకు తెలుగు టైపు రాదు" అన్నాడు.

"లే, నేను కొడతా. చెప్పు."

ఆవిడ వేళ్లు నా మీద చకచకా నడిచాయి.

"ఈ పది బానిస..."

వేళ్లు ఆగాయి. ఆవిడ తల తిప్పలేదు.

"కంప్యూటర్లలో" అన్నాడు.

వేళ్లు కదిలాయి.

"ఉన్న సంకె..."

మళ్లీ ఆగాయి. ఈసారి చాలాసేపు. అప్పుడతను చేదుమాత్ర మింగినట్టు దాని అసలు పేరు చెప్పాడు. "దీన్ని విప్పి చూసే హక్కు మనకు లేదు. గడువు తీరితే వాడుకునే హక్కూ ఉండదు. అందుకని మార్చమంటున్నాం."

టీచర్ ఆ ముక్క టైపు చేసి, రెండుసార్లు చదువుకున్నారు.

"విప్పి చూడకూడదా? డబ్బిచ్చి కొన్నాక కూడానా?"

"కూడదండీ."

ఆవిడ ప్రింటు తీసి, పెన్ను మూత తీశారు. "ఈ మాట వచ్చిన రోజే చెప్పొచ్చు కదయ్యా."

సాల్మన్ బిక్కమొహం వేశాడు. పాపం, అన్నాళ్లూ తాను చెబుతున్నది ఆ మాటేననుకున్నాడు.