నెవిల్‌కి ఒక గ్లాసు మైల్డ్

గ్లెనిస్ ఫోన్ చేసినప్పుడు నేను పెరట్లో చిక్కుడు తీగలకు కర్రలు పాతుతున్నాను. మట్టి చేతులతోనే ఎత్తాను.

"క్లిఫ్, ఇవాళ మీవాణ్ణి కుందేలుకి తీసుకొస్తున్నాను. నువ్వూ రావాలి. నా ఒక్కదానివల్ల కాదు," అంది.

మీవాడంటే నెవిల్, ఆమె మొగుడు. కుందేలంటే షెఫీల్డ్‌లో మా పేటలో, మూతపడ్డ ఆకురాళ్ల కార్ఖానా వెనక సందులో ఉన్న ఇత్తడి కుందేలు పబ్బు. నెవిల్ సిటీ బస్సు నడిపేవాడు, నేను ఉత్తరాలు పంచేవాణ్ణి. పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ మా గురువారం సాయంత్రాలు అక్కడే గడిచాయి.

చలికాలంలో నెవిల్‌కి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఒక్క మాట మాత్రం మిగిలింది, "మంగళవారం" అని. ఆకలేసినా మంగళవారమే, కోపమొచ్చినా మంగళవారమే. ఉన్న మాటలన్నీ పోయి అదే ఎందుకు మిగిలిందో ఆసుపత్రి వాళ్ళూ చెప్పలేకపోయారు.

అన్నిటికన్నా దారుణం గొంతు. నీళ్ళలా పల్చగా ఉన్నదేదైనా సరే, కడుపులోకి పోకుండా ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది. అందుకని ఏది తాగాలన్నా ఒక తెల్లపొడి కలిపి, చిక్కబడ్డాక చెంచాతో పట్టాలి. ఈస్టర్ ముందు గ్లెనిస్ అటు తిరిగినప్పుడు ఆమె కప్పులో టీ గుటుక్కున తాగేశాడు. న్యుమోనియా వచ్చి, ఇక దక్కడనుకున్నాం.

"మరి బీరు ఎట్లా తాగుతాడు?" అన్నాను.

"పొడి కలుపుతాను. కొంచెమైతే ఫర్వాలేదంది నర్సు. వారం నుంచీ పేపరు అంచుల్నిండా గ్లాసు బొమ్మలే గీస్తున్నాడు, ఎడమ చేత్తో, వంకరటింకరగా. నేను చూడలేకపోతున్నాను క్లిఫ్."

సాయంత్రం నేను వెళ్ళేసరికి వాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోయి ఉన్నారు. చక్రాల కుర్చీకి ఆ మెట్టు అడ్డం. నేనొక పక్క, పబ్బు నడిపే మాక్సీన్ ఒక పక్క పట్టి ఎత్తాం. గెడ్డం నున్నగా గీయించుకొని, మెడలో మఫ్లరుతో పెళ్ళికొడుకులా ఉన్నాడు నెవిల్.

"రా బంగారం. నీ మూల నీకే ఉంచాను. ఎవరన్నా కూర్చుంటే చీపురు తిరగేస్తానని చెప్పాను," అంది మాక్సీన్.

బారు దగ్గర బర్నీ ఉన్నాడు. నోరు ఊరుకోదు వాడికి. "ఏరా నెవ్, ఇన్నాళ్ళకా వచ్చేది? ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా నీ బస్సు ఇంత లేటు కాలేదు కదరా!"

"మంగళవారం," అన్నాడు నెవిల్, సగం మొహంతో నవ్వుతూ.

"గురువారంరా నాయనా! అందుకేగా నీ బస్సు కోసం జనం ఏడ్చేది!"

అందరం నవ్వాం. నెవిల్ అందరికన్నా గట్టిగా నవ్వాడు. గ్లెనిస్ కూడా నవ్వింది. ఆ కాసేపూ బాగానే ఉంది.

"నేలమాళిగలో కొత్త పీపా ఇవాళే తెరిచాను. నల్ల మైల్డ్ బీరు. మడ్డి అడుక్కి దిగడానికి రెండు రోజులు వదిలేశాను, కదపలేదు," అని మాక్సీన్ బారు మీదున్న బీరు పంపు పిడి లాగింది. మెల్లగా, తొందర లేకుండా లాగింది. గ్లాసు తెచ్చి నెవిల్ ముందు పెట్టింది. నాకూ ఒకటి పెట్టింది.

నెవిల్ ఎడమ చేత్తో గ్లాసు ఎత్తి కిటికీ వెలుగులో పట్టాడు, ఎప్పుడూ చేసేట్టే. నలుపులో లోపలెక్కడో ఎరుపు మెరిసింది. ముక్కు దగ్గర పెట్టుకొని కళ్ళు మూశాడు. నోటి దాకా తీసుకుపోతుంటే గ్లెనిస్ మణికట్టు పట్టుకుంది.

"ఆగు నెవ్. పొడి వెయ్యాలి."

సంచిలోంచి డబ్బా తీసి, పొడి కొలిచి వేసి చెంచాతో తిప్పింది. నురగ భుస్సున పొంగి గ్లాసు దాటి బల్లంతా పారింది. ఆమె రుమాలుతో తుడుస్తూనే తిప్పింది. నురగ చచ్చింది. లోపలున్నది ఉండలు ఉండలుగా గడ్డకట్టి, రాగి గంజిలాగా చెంచా వెంట సాగింది. పక్క బల్లల దగ్గర మాటలు ఆగిపోయాయి. బర్నీ తన గ్లాసు వైపు తిరిగాడు.

"ఇదిగో, బానే ఉంది చూడు," అని గ్లెనిస్ ఒక చెంచా అందించింది.

నెవిల్ నోట్లో పెట్టుకున్నాడు. మింగడానికి చాలాసేపు పట్టింది. గ్లాసులో ఉన్నదాని వంక చూశాడు. మళ్ళీ వెలుగులో పట్టి చూశాడు. ఇప్పుడందులోంచి ఏమీ కనిపించడం లేదు. గ్లాసుని బల్ల అంచుకు నెట్టేసి, నా గ్లాసు వంక వేలు చూపించాడు.

"మంగళవారం."

"వద్దు నెవ్," అంది గ్లెనిస్.

"మంగళవారం!" ఈసారి నా మొహంలోకి చూస్తూ అన్నాడు. బతిమాలడమది. నాకు తెలుసు.

నేను గ్లాసు నా వైపు లాక్కోలేదు, అటు జరపలేదు. "గ్లెనిస్, ఒక్క గుక్క. వాడి ప్రాణం వాడిది కదా. వాడికి తెలిసే అడుగుతున్నాడేమో," అన్నాను.

"తెలిసి అడిగితే ఇవ్వనా? నన్ను రాక్షసి అనుకుంటున్నావా?" ఆమె కుర్చీ అతని ముందుకు జరుపుకుంది. "నెవ్, నన్ను చూడు. అది తాగితే చచ్చిపోవచ్చు. తెలుసా నీకు?"

నెవిల్ గట్టిగా తల ఊపాడు.

"చూశావా?" అన్నాను.

"నువ్వుండు." ఆమె గొంతు మారలేదు. "నెవ్, నీ పేరు బర్నీ కదా?"

నెవిల్ అంతే గట్టిగా తల ఊపాడు.

"నేను మీ అమ్మని కదా?"

ఊపాడు. చిరునవ్వుతో, నమ్మకంగా, అవునన్నట్టు ఊపాడు.

గ్లెనిస్ నా వైపు తిరిగింది. "నేను దేన్ని నమ్మాలో చెప్పు క్లిఫ్. నువ్వే చెప్పు."

అన్నీ తెలిసి తల మాత్రమే అట్లా ఊగుతోందేమో. ఏమీ తెలియడం లేదేమో. యాభై ఏళ్ళ స్నేహితుణ్ణి, ఆ కళ్ళల్లోకి చూసి కూడా చెప్పలేకపోయాను.

అప్పుడు గ్లెనిస్ తన వేలు నా గ్లాసులో ముంచి, అతని పెదాల మీద రాసింది. చుక్క కూడా కాదు, తడి అంతే. నెవిల్ నాలుకతో ఆ తడి అందుకున్నాడు. మొహమంతా సడలిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక వాడి మొహం అట్లా ఉండగా నేను చూడలేదు.

మరుక్షణం ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళు చీకుతూ, గ్లాసు వైపు లాగుతూ, "మంగళవారం, మంగళవారం" అని మొదలుపెట్టాడు. ఆమె చెయ్యి విడిపించుకుంది. వాడు అరిచాడు. పబ్బంతా వినబడేలా, పసిపిల్లాడు ఏడ్చినట్టు ఏడుస్తూ అదే మాట అరిచాడు. నేను నా గ్లాసు తీసుకెళ్ళి బారు అవతల పెట్టి వచ్చాను. దానితో ఇంకా ఎక్కువైంది.

బర్నీ కోటు తీసుకొని, ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్ళిపోయాడు. మాక్సీన్ ఒక గుడ్డ తెచ్చి, అప్పటికే ఆరిన బల్లని తుడుస్తూ నిలబడింది.

"ఇంటికి పోదాం," అంది గ్లెనిస్.

కుర్చీ వెనక్కి లాగబోతే రాలేదు. నెవిల్ ఎడమ చేత్తో బల్ల అంచు పట్టుకున్నాడు. ఆ ఒక్క చేతిలోనే ఉన్న బలమంతా పెట్టాడు. నేను వంగి, ఒక్కో వేలే విడదీశాను. చివరి వేలు విడదీస్తుంటే నా వంక చూశాడు.

ఆ తడి ఊపిరితిత్తుల్లోకి పోయి మళ్ళీ జ్వరం వస్తుందేమోనని గ్లెనిస్ రెండు రాత్రులు కూర్చొనే ఉంది. రాలేదు. ఇక ఎప్పుడూ అక్కడికి తీసుకెళ్ళనని నాతో చెప్పింది. నేను సరేనన్నాను.

తర్వాతి గురువారం నేను పబ్బుకి పోకుండా వాళ్ళింటికి వెళ్ళాను. గ్లెనిస్ లోపల మేడమెట్ల మీద కూర్చొని ఉంది. నెవిల్ హాల్లో కుర్చీలో ఉన్నాడు. కోటు వేసుకోవాలని చూసి, ఎడమ చెయ్యి దూర్చగలిగాడు. కోటు రెండో వైపు వీపు వెనక వేలాడుతోంది.

"మధ్యాహ్నం నుంచీ ఇంతే. తీద్దామంటే కొడుతున్నాడు. వేద్దామంటే, వేశాక ఎక్కడికి తీసుకెళ్ళను?" అంది గ్లెనిస్.

నన్ను చూసి నెవిల్ మొహం వెలిగింది. తలుపు వైపు చూపించి, "మంగళవారం," అన్నాడు సంతోషంగా.

"ఉండరా, ఇప్పుడే కదా వచ్చాను," అన్నాను. స్టూలు లాక్కొని వాడి పక్కన కూర్చున్నాను. ముగ్గురం ఆ హాల్లోనే ఉండిపోయాం.