గాలి తగలని నీళ్లు

“ఆ చేతులతో నువ్వు వడ్డించకు. తినేవాళ్లకి వెగటు పుడుతుంది” అన్నారు అత్తగారు, చుట్టాలందరికీ వినపడేలా. ఆడపడుచు నా చేతిలోంచి గరిటె లాక్కుంది. వండటానికి పనికొచ్చిన చేతులు వడ్డించడానికి పనికిరాలేదు. అరచేతుల్లో కందిగింజల్లా లేచిన గట్టి పొక్కుల్ని కొంగులో దాచుకుని, తల దించుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

అసలు సిగ్గు వేరే ఉంది. నీళ్ల పరీక్షల ల్యాబులో పనిచేస్తూ, ఇలాంటి చేతుల గురించి చదువుకుని కూడా, నావి చూసి నేను అనుమానపడలేదు. ఇంట్లో ఫిల్టరుందన్న ధీమా. చివరికి ఫిల్టరులోంచి వచ్చిన నీళ్లే పట్టుకెళ్లి పరీక్షించాను. ఆర్సెనిక్!

భూమి లోపల గాలి చొరని చోట అది రూపం మార్చుకుంటుంది. మట్టిలోని ఇనుప తుప్పును అంటిపెట్టుకుని ఉన్నది, ఆ తుప్పు కరిగితే విడిపోయి నీళ్లలో కలుస్తుంది. మారిన ఆ రూపానికి విషం ఎక్కువ, మా ఫిల్టరుకు అది చిక్కదు. రంగు లేదు, వాసన లేదు. కొందరి ఒంట్లో ముందు బయటపడుతుంది, కొందరిలో ఆలస్యంగా.

చెబితే మా ఆయన తలుపు దగ్గరికి వేశాడు. “నాన్న తవ్వించిన బోరు. వీధి వీధంతా మన నీళ్లే తాగుతోంది. ఇప్పుడు విషమంటే మన పరువేం కాను? నీకేదో ఎలర్జీ. పూతమందు రాసుకో.”

రాసుకున్నాను. మర్నాడు కూడా జనం బిందెలు నింపుకుంటుంటే కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నాను.

ఆ మరుసటి పొద్దున ఎదురింటి దర్జీ ఆవిడ బిందె తెచ్చింది. పరుగున వెళ్లి కుళాయి కట్టేశాను.

“అక్కా, ఈ నీళ్లు తాగకండి. విషం. నా చేతులు చూడండి.”

“లోపలికి రా!” మేడ మీంచి మా ఆయన అరుపు.

నేను కదల్లేదు. ఆవిడ నా అరచేతుల్ని చాలాసేపు చూసింది. బిందె కింద పెట్టి, మెల్లగా తన గుప్పిట తెరిచింది. అవే పొక్కులు.

“కత్తెర పట్టీ పట్టీ కాయలు కాశాయని అందరికీ చెప్పుకుంటున్నా చెల్లీ. అంటురోగమంటే బట్టలెవరిస్తారు?”

ఆ చేతిని నా చేతిలోకి తీసుకున్నాను. తర్వాత లోపలికెళ్లి మోటారు ఫ్యూజు పీకేశాను.