టీ కొట్టుకి వెళ్లిన పైపు

రోడ్డు కింద పాత ఇనప నీళ్ల పైపు ఎటు పోతోందో కనిపెట్టడం నా పని. చేతిలో ఇనుముని పసిగట్టే మిషను కుయ్‌మన్న చోటల్లా నేలమీద నీలం రంగు కొడుతూ పోతాను. తవ్వేవాళ్లు ఆ గీత చూసి తవ్వుతారు. ఆ ఉదయం మాత్రం మిషను నోరు ముయ్యలేదు. ఎటు తిరిగితే అటు కూత.

వెనకే వస్తున్న బామ్మర్ది తల గోక్కున్నాడు. "పైపు టీ కొట్టులోకి వెళ్లి, బల్ల చుట్టూ తిరిగి, మళ్లీ రోడ్డెక్కింది బావా."

"వేసినవాళ్ల తిక్క వాళ్లది. నువ్వు నోర్మూసుకుని నడు," అని కసిరాను.

మేస్త్రి వచ్చి గీతనీ నన్నూ ఎగాదిగా చూశాడు. "ఆ కొత్త బూట్లు ఎప్పుడిచ్చారు?"

నిన్ననే ఇచ్చారు. వేళ్ల దగ్గర ఇనప రేకున్న బూట్లు. పొద్దున్నుంచీ మిషను పట్టుకున్నది నా కాళ్లనే. ఒళ్లు మండి వాటిని విప్పి విసిరేశాను. వట్టి కాళ్లతో వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాను. మిషను కిక్కురుమనలేదు.

"మరి పైపేదీ?" అన్నాడు మేస్త్రి.

ముగ్గురం నేలకేసి చూస్తూ నిలబడ్డాం. ఎదురుగా టీ కొట్టాయన కుళాయి తిప్పి, గిన్నెనిండా నీళ్లు పట్టుకుని లోపలికి వెళ్లాడు.