పొయ్యి పక్క కుర్చీ

ఆదివారం పూట తొమ్మిది మందికి సరిపడా బంగాళాదుంపలకు చెక్కు తీస్తున్నాను. మరిది కుటుంబం భోజనానికి వస్తోంది. చెవిలో ఇయర్‌ఫోన్, ఏప్రన్ జేబులో ఫోన్, ఫోన్‌లో మోయిరా గొంతు. మా ఆయన ఎర్లెండ్ బూట్లు విప్పకుండానే వంటింట్లోకి వచ్చి, "ఆ చెవిలోది తియ్యి రాగ్నా, గోడతో కాపురం చేస్తున్నట్టుంది నాకు" అన్నాడు. పొయ్యి పక్క కుర్చీలోంచి మా అత్తగారు మెర్రన్ అందుకుంది. "యాభై దగ్గరపడుతుంటే మళ్లీ బడికి పంపిస్తున్నారా అమ్మాయ్ నిన్ను?" నేను నవ్వాను. ఇరవై రెండేళ్లుగా నవ్వుతూనే ఉన్నాను, అది కూడా ఇంటిపనిలో భాగమే.

మోయిరా ఆబర్డీన్‌లో ముప్ఫై ఏళ్లు ఎమ్మెస్ అనే నరాల జబ్బు ఉన్నవాళ్లకు నర్సుగా చేసి, ఇప్పుడు నాలాంటి నర్సులకు పాఠాలు చెబుతోంది. పాఠం మధ్యలో ఆవిడ కుక్క మొరుగుతుంది, "ఆగవే, నా తర్వాతే నీ వంతు" అని దాన్ని కసిరి మళ్లీ మొదలుపెడుతుంది. ఆవిడంటే నాకు ప్రాణం. ఒక్క ముక్క కూడా పుస్తకంలోంచి చెప్పదు, అన్నీ తను కాళ్లరిగేలా తిరిగిన ఇళ్లలోంచే చెబుతుంది. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న మా ఓర్క్నీ దీవుల్లో ఈ జబ్బు ప్రతి ఇంటికీ చుట్టమే. అయినా ఈ చదువుకు సెలవిమ్మని అడిగితే మా పై అధికారి, "మీ దీవిలో ముగ్గురే కదా రోగులు, ఏడాది చదువెందుకు? ఇంటి దగ్గర తీరిక చూసుకుని చదువుకోండి" అన్నాడు. ఇంటి దగ్గర తీరికట! పడవ కోసం రేవులో కారాపినప్పుడూ, బట్టలు ఆరేస్తూనూ, దుంపలు చెక్కు తీస్తూనూ చదివాను. చివరి తరగతికి మాత్రం ఆబర్డీన్ వెళ్లి రెండు రోజులుండాలి. దాన్ని రెండుసార్లు ఎగ్గొట్టాను. ఒకసారి గడ్డికోత వచ్చిపడింది, ఇంకోసారి అత్తగారి తుంటి ఆపరేషన్. మూడోసారీ తప్పితే మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే.

ఆ రోజు మోయిరా అంది: "ఇంట్లో అడుగుపెట్టగానే రోగి మొహం చూడకండమ్మా. ముందు కుర్చీ ఎక్కడుందో చూడండి. దెబ్బతిన్న నరాలకు వేడి పడదు. ఒళ్లు వేడెక్కితే కాళ్లు బరువెక్కుతాయి, చేతులు పట్టు తప్పుతాయి, చూపు మసకబారుతుంది. చల్లబడితే చాలావరకు తిరిగొస్తాయి. ఆ సంగతి తెలియక జబ్బు ముదిరిందని ఏడుస్తారు."

నా చేతిలో దుంప సగం చెక్కుతో ఆగిపోయింది. నాకు బ్రెటా గుర్తొచ్చింది.

మా దీవిలోని ఆ ముగ్గురు రోగుల్లో బ్రెటా ఒకతి, వయసు నలభై నాలుగు. మా దీవిలో గడ్డి కుర్చీలు అల్లేది తనొక్కతే. ఈదురుగాలి తగలకుండా తలమీదికి గూడులా వంగే కుర్చీ వీపును, ఓట్స్ గడ్డిని పాయలుగా తాడుతో కుట్టి అల్లుతుంది. అలాంటి మనిషికి శీతాకాలం నుంచి సూది చేతిలో నిలవడం లేదు, అడుగు పడటం లేదు. మావాళ్ల నోట బాధ అన్నమాట రాదు, ఎప్పుడడిగినా "ఫర్వాలేదు" అనేది. పట్నంలో వృద్ధులుండే సంరక్షణ గృహానికి పంపేద్దామని నిర్ణయించడానికి శుక్రవారం డాక్టరూ, సంక్షేమాధికారీ వస్తున్నారు. ఎనభై ఏళ్ల వాళ్ల మధ్య నలభై నాలుగేళ్ల బ్రెటా. ఆ కాగితాలన్నీ రాసింది నేనే. కిందటి అక్టోబరులో ఆమె కుర్చీని పొయ్యి పక్కకు జరిపిందీ నేనే.

ప్రేమతోనే జరిపాను. మా వైపు ఒక మనిషిని గౌరవించాలంటే పొయ్యి పక్కన కూర్చోబెడతాం. జబ్బు మనిషైతే ఇక చెప్పక్కర్లేదు, మే నెలలో కూడా మా పొయ్యిలు ఆరవు. "చలికి బిగుసుకుపోతావు బ్రెటా, ఇక్కడ కూర్చో" అని నేనూ ఆమె భర్త సాండీ చెరోవైపు పట్టి లాగాం. "నర్సు చెప్పింది" అని ఆ రోజు నుంచి సాండీ పొయ్యిలో పీటు అనే మండే మట్టిగడ్డలు దట్టిస్తూనే ఉన్నాడు.

కత్తి కింద పెట్టి కారు తాళాలు తీసుకున్నాను. "దుంపలో?" అన్నాడు ఎర్లెండ్. "వచ్చాక" అన్నాను. "తొమ్మిది మందిని ఆకలితో మాడ్చి, ఏం మునిగిపోతోందని ఈ పరుగు?" అని అత్తగారు వెనకనుంచి అంటూనే ఉంది.

బ్రెటా బుగ్గలు ఎర్రగా, భుజాల మీద రెండు శాలువలతో కూర్చుని ఉంది. జ్వరం చూశాను, లేదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఇలాగే అవుతుందని మోయిరా చెప్పింది, అదీ పరీక్షించాను, లేదు. సాండీ సాయంతో ఆమెను కిటికీ దగ్గర మామూలు కుర్చీలో కూర్చోబెట్టి, శాలువలు తీసి, కిటికీ తెరిచి, మెడ మీద తడిగుడ్డ వేశాను. సాండీకి కోపమొచ్చింది. "చంపుతావా ఏంటి రాగ్నా? సముద్రం గాలి అది!"

"ఒక్క గంట ఓర్చుకో సాండీ. తర్వాత తిడుదువుగాని."

ఆ గంటలో కాళ్లు పీకి, పొయ్యి పక్క ఖాళీగా ఉన్న ఆమె గడ్డి కుర్చీలో నేనే కూలబడ్డాను. పది నిమిషాలకు వీపంతా చెమట. మరో పదికి తల తిరిగింది. ఏ జబ్బూ లేని దాన్ని నేనే ఉండలేకపోయాను. అప్పుడు తెలిసింది నాకు. మా ఇంట్లో పొయ్యి పక్క కుర్చీలో మొదట మామగారు కూర్చునేవారు, ఆయన పోయాక అత్తగారు. నాకు ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా అందులో కూర్చునే వంతు రాలేదు. అదెంత వేడో నాకెలా తెలుస్తుంది? నాకు దక్కనిదాన్ని గొప్ప భాగ్యమనుకుని బ్రెటాకు ఇచ్చాను. సిగ్గుతో ఏడుపొచ్చింది.

గంట దాటాక బ్రెటా తన కుడిచేతి వేళ్లు ముడిచి, తెరిచి, మళ్లీ ముడిచింది. "సాండీ, నా సూది ఇటివ్వు" అంది. పట్టుకుంది. రెండు కుట్లు వంకరగా పడ్డాయి, మూడోది తిన్నగా పడింది. జబ్బు పోలేదు, పోదు కూడా. ఎడమకాలు ఎప్పటిలాగే ఈడుస్తుంది. కానీ ఆ చేతులు వెనక్కి వచ్చాయి. సాండీ పొయ్యి వైపు తిరిగి, ముక్కు తుడుచుకున్నాడు.

"బ్రెటా, అక్కడ ఉక్కగా ఉందని ఒక్కసారైనా చెప్పకూడదా?"

"అంత ఆప్యాయంగా లాగారు మీరిద్దరూ. ఎలా చెప్పను?"

ఇంటికొచ్చేసరికి మరిదివాళ్లు రొట్టె, జున్ను తిని వెళ్లిపోయారు. జరిగింది చెప్పి, శుక్రవారం అందరి ముందూ ఒప్పుకుంటానన్నాను. "పిచ్చా? నర్సే తప్పు చేశానంటే కొట్లో పదేళ్లు చెప్పుకుంటారు. మన ఇంటి పరువేం కాను?" అంది అత్తగారు. "మందు మార్చామని చెప్పు, పోతుంది. ఎవరడగొచ్చారు?" అన్నాడు ఎర్లెండ్. ఆ వారమంతా ఇంట్లో ఇదే పాట. మోయిరాకు ఉత్తరం రాశాను. ఒక్క వాక్యం జవాబు: "నేను జరిపిన కుర్చీలు నాలుగున్నాయి రాగ్నా, అందుకే ఆ పాఠం చెబుతున్నాను."

శుక్రవారం బ్రెటా వంటింట్లో అందరూ టీ తాగుతుండగా చెప్పాను. "అక్టోబరులో కుర్చీని పొయ్యి దగ్గరికి జరిపింది నేను. తన జబ్బు ముదిరిపోతోందని రాసింది కూడా నేనే. ఆ కాగితాలు వెనక్కి తీసుకుంటున్నాను." ఐదు రోజులుగా రాసిన లెక్క చూపించాను: ఎంతసేపు సూది పట్టింది, ఎన్ని అడుగులు వేసింది. డాక్టరు కళ్లజోడు తీసి రెండుసార్లు చదివాడు. సంక్షేమాధికారి ఫైలు మూసి, బ్రెటాను ఇంట్లోనే ఉంచుదామంది. సాండీ మాత్రం నన్నే చూస్తూ, "ఇన్నేళ్లూ మాకీ సంగతి ఎవరూ చెప్పలేదే" అన్నాడు.

"నాకూ ఎవరూ చెప్పలేదు సాండీ. దుంపలు చెక్కు తీస్తూ నేర్చుకున్నాను."

బ్రెటా పకపకా నవ్వింది. కొట్లో ఆ సాయంత్రమే చెప్పుకున్నారు. చెప్పుకోనీ అనుకున్నాను.

వారం తిరగకుండా ఆబర్డీన్ నుంచి పిలుపు వచ్చింది. చివరి తరగతి జూన్ పన్నెండు, పదమూడు. ఎర్లెండ్ గోడమీద క్యాలెండరు చూసి, నావైపు చూశాడు. "పన్నెండు గడ్డికోత. చుట్టుపక్కల వాళ్లు పదకొండు మంది వస్తారు. ఈ ఇంటి ఆడది భోజనం పెట్టకుండా మా తాతల నుంచి కోత జరగలేదు." పొయ్యి పక్క నుంచి అత్తగారు తల ఊపింది.

నేను పడవ టిక్కెట్టు బల్లమీద పెట్టాను. ఏప్రన్ విప్పి ఎర్లెండ్ భుజం మీద వేసి, దాని జేబులో నా ఇయర్‌ఫోన్ పడేశాను.

"దుంపలు గంపలో ఉన్నాయి, కత్తి సొరుగులో ఉంది. ఇది చెవిలో పెట్టుకో ఎర్లెండ్, పదకొండు మందికి తీసేలోపు ఒక పాఠం అయిపోతుంది."