రెండో వరుసలో గీత

అనుమానించడం నా ఉద్యోగం. ఏ గుణాన్ని చూసి మా అత్తయ్య "మనిషి మంచిదే గానీ దేన్నీ ఓ పట్టాన నమ్మదు" అని చుట్టాల ముందు వాపోతుందో, ఆ గుణానికే కంపెనీవాళ్ళు నాకు నెలనెలా జీతమిస్తారు. మా కంపెనీ పరిశోధకులకు యాంటీబాడీలు అమ్ముతుంది. చిటికెన వేలంత సీసాలో నీళ్ళలాంటి ద్రవం. కణాల్లో ఉండే వేలాది ప్రోటీన్లలో అది ఒకే ఒక్కదాన్ని వెతికి పట్టుకోవాలి. పరీక్షకి వాడే పల్చటి పొర మీద, పట్టుకున్నచోట నల్లటి గీత పడుతుంది. సరైనదాన్నే పట్టుకుంటోందా, దారిన పోయే దానయ్యల్ని పట్టుకొస్తోందా అని తేల్చేది నేను.

పరీక్షలో రెండు వరుసలుంటాయి. మొదటి వరుసలో ఆ ప్రోటీన్ ఉన్న కణాల రసం పోస్తాం. రెండోదాంట్లో, జన్యువునే తీసేసి ఆ ప్రోటీన్ లేకుండా చేసిన కణాల రసం. మొదటిదాంట్లో గీత రావాలి, రెండోది ఖాళీగా ఉండాలి. అంతే.

ఇప్పుడు నన్ను ఏడిపిస్తున్న సీసా రకం నేను చేరకముందు నుంచీ అమ్ముడవుతోంది. అప్పట్లో రెండో వరుస పెట్టే అలవాటే లేదు. గీత వచ్చిందా, వచ్చింది, అమ్మేయ్. పాతవాటినన్నిటినీ మళ్ళీ పరీక్షించే పని ఈ మధ్యే నా నెత్తిన పడింది. చూస్తే రెండు వరుసల్లోనూ గీత. నా చేతి పొరపాటేమోనని కొత్త కణాలు పెంచి మళ్ళీ చేశాను. వచ్చింది. ఇంకో సీసా తెరిచి చేశాను. వచ్చింది, పైగా మొదటిదానికంటే నల్లగా.

మా మేనేజరుని మేం 'సర్దుబాటు' అంటాం. ఆయన ముక్కు మీదికి కళ్ళజోడు జార్చుకుని చూసి, "ఇంకాస్త పల్చన చేసి చూడమ్మా" అన్నాడు. చేశాను. రెండు గీతలూ కలిసే పల్చబడ్డాయి.

"ఆ కణాల్లో జన్యువు పూర్తిగా పోలేదేమో?"

పోయిందని చూపించాను.

"బాగా అమ్ముడుపోయే సరుకమ్మా ఇది. ఇన్నేళ్ళలో ఒక్కరూ కంప్లయింట్ చెయ్యలేదు."

"గీత కావాలన్నవాళ్ళకి గీత వస్తోంది సార్. ఎందుకు చేస్తారు?"

"పోనీ, క్యాటలాగులో మొదటి వరుస ఫోటో ఒక్కటే పెడదాం. రెండోది ఎవరడిగారు?"

ఒళ్ళు మండిపోయింది. అమ్మకం ఆపాల్సిందేనని, నేను దీన్ని ఆమోదించనని ముఖం మీదే చెప్పాను. "చూద్దాం" అన్నాడు. ఆయన చూద్దామన్నది ఇంతవరకూ ఒక్కటీ చూడలేదు.

నా కోపమంతా ఆయన మీదే అయితే హాయిగా తిట్టుకుంటూ ఇంటికి పోయేదాన్ని. కానీ మా ఆడపడుచు నాలుగేళ్ళ పీహెచ్‌డీ ఈ సీసా మీదే నిలబడి ఉంది. "మా వదిన కంపెనీది" అని గొప్పలు చెప్పి మరీ తెప్పించుకుంది. వచ్చే వారమే థీసిస్ ఇవ్వాలి. తప్పులు దిద్దుకోవడానికి మా ఇంట్లోనే మకాం పెట్టింది.

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గానీ, మేమిద్దరం ఒకే దుప్పట్లో దూరి సినిమాలు చూసే జత. అందుకే చెప్పడం వాయిదా వేస్తూ వచ్చాను. చెప్పకపోతే అది తప్పుడు థీసిస్. చెబితే, ఆఖరి నిమిషంలో వదినే అడ్డుపడిందంటారు. టేబుల్ నిండా కాగితాలు పరుచుకుని ఆమె ఈల వేసుకుంటూ దిద్దుకుంటుంటే నాకు మేనేజరు మీద, సీసా మీద, చివరికి ఆ ఈల మీద కూడా కోపం వచ్చింది. అన్నం వడ్డిస్తూ చెప్పేశాను.

ఈల ఆగిపోయింది. "నువ్వే ఎక్కడో తప్పు చేసుంటావ్" అంది.

"నేనూ అదే కోరుకున్నా. ఎన్నిసార్లు చేసినా అంతే."

"నాకు డాక్టరేట్ వస్తుంటే నీకెందుకు వదినా ఇంత కడుపుమంట?"

అనేసి నాలుక కరుచుకుంది. కరుచుకుంటే మాత్రం ఏం లాభం, మాట బయటికి వచ్చేసింది. నాకు ఏడుపొచ్చింది. దాన్ని మింగి, "రేపు సెలవేగా, మా ల్యాబుకి రా. నీ చేత్తో నువ్వే చెయ్యి. నేను ముట్టుకోను" అన్నాను.

వచ్చింది. నేను స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఎంత శుభ్రమైన చెయ్యో ఆ పిల్లది! ఒక్క చుక్క అటూ ఇటూ పోలేదు. గీతలు తేలే వేళకి స్టూలు దిగి ఆమె పక్కన నిలబడ్డాను. నా పరీక్షలన్నీ తప్పని తేలాలని, నా పరువు పోయినా సరేనని మనస్ఫూర్తిగా కోరుకున్నాను. మొదటి వరుసలో గీత వచ్చింది. కాసేపటికి రెండోదాంట్లోనూ వచ్చింది.

"మరి నాలుగేళ్ళుగా నేను కొలిచింది దేన్ని?" అంది.

"తెలీదు."

"ఎవరికైనా తెలుసా?"

"ఎవరికీ తెలీదే."

వరండాలోకి వెళ్ళి గైడ్‌కి ఫోన్ చేసి వచ్చింది. "ముందు ఇచ్చేయమంటున్నారు. తర్వాత చూసుకోవచ్చట. నా థీసిస్ చదివి తీర్పు చెప్పేవాళ్ళు కూడా ఈ సీసానే వాడతారట!" అని నవ్వింది. ఆ నవ్వు నేను చూడలేకపోయాను. "నువ్వేమంటావ్ వదినా?"

మేనేజరుకైతే ఠకీమని జవాబిచ్చేదాన్ని. ఈ ముఖం చూస్తూ చెప్పడం వేరు. తప్పించుకోవడానికి ఏ మాటైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

"ఇవ్వకు" అన్నాను.

ఆమె గ్లవ్స్ విప్పి చెత్తబుట్టలో పడేసింది. చేతులు కడుక్కుంది, తుడుచుకుంది, మళ్ళీ కడుక్కుంది. "సరే, ఇవ్వను. అమ్మకి మాత్రం నువ్వే చెప్పు."

"నేనా?"

"నేను చెబితే అలిసిపోయి ఏదో అంటున్నానంటుంది. నమ్మదు."

"నేను చెబితే జన్మలో క్షమించదే!"

"తెలుసు" అంది, నా భుజం మీద తల ఆన్చి.

అత్తయ్యకి ఫోన్ కలిపాను. ఒక్క రింగుకే ఎత్తింది.

"ఏమ్మా, మా డాక్టరమ్మ పుస్తకం ఇచ్చేసిందా?" అంది, నేనింకా హలో అనకముందే.