పెద్దమ్మ ఎండ

ఆసియా భాషల కోర్టు తీర్పులన్నిటినీ ఒకేచోట వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నానని ఊర్మిళ చెప్తే, మల్కాజ్‌గిరిలో ఉండే పెద్దమ్మ లచ్చమ్మ ఒకటే అడిగింది.

"గా తీర్పులల్ల నా ఎండ దొరుకుతదా?"

పక్కింటి జోగారావు తన డాబా మీద ఇంకో గది లేపబోతున్నాడు. అది లేస్తే లచ్చమ్మ మిద్దె మీద పొద్దంతా నీడే. వడియాలు, మిరపకాయలు ఎండబెట్టి అమ్మడమే ఆమె బతుకు.

మెట్టుగూడ ఆఫీసులో ఊర్మిళ వాళ్ళు ఇన్నాళ్ళూ వకీళ్ళ మాటలతోనే దాన్ని పరీక్షించారు. మామూలు మనిషిలా అడగాలని అంతమంది ఇంజనీర్లలో ఒక్కరికీ తట్టలేదు. ఆదివారం ఊర్మిళ ల్యాప్‌టాప్‌ను మిద్దె మీదికి తెచ్చింది. ఎండకు స్క్రీన్ కనబడకపోతే లచ్చమ్మ కొంగు అడ్డం పట్టింది.

"నువ్వే చెప్పు పెద్దమ్మా, ఇది వింటది."

"పక్కోడు గోడ లేపి నా ఎండ గుంజుకుంటుండు. జెర ఆపుండ్రి సారూ," అని ల్యాప్‌టాప్‌కు ఒంటిచేత్తో దండం పెట్టింది.

ఊర్మిళకు నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

ముందు ఒక తమిళ తీర్పు వచ్చింది. వెనకే జపాన్ నుంచి పరుపులు ఆరేసుకునే ముసలామె. ఆ వెనక కొరియా. ఏ లిపికీ ఇంకో లిపితో పొత్తు లేదు. అయినా అందరూ అదే గోడ కింద నిలబడి తలెత్తి చూస్తున్నారు. తన చేత్తో రాసిన కోడే అయినా, ఊర్మిళ స్క్రీన్‌కు ఇంకా దగ్గరగా వంగింది.

"ఏందే, ఖరాబైందా?"

"కాలే. నీ లెక్కనే కొట్లాడినోళ్ళు వచ్చిన్రు. గీ కొరియామె సుత మిద్దె మీద మిరపకాయలే ఎండబెట్టేదంట."

చుట్టాలొచ్చినట్టు లచ్చమ్మ జుట్టు సవరించుకుంది.

పిట్టగోడ అవతల జోగారావు తల కనబడింది. "ఏంటండీ లచ్చమ్మగారూ, నా మీద కేసా?"

ఊర్మిళ తమిళ తీర్పును తెలుగులో చదివి వినిపించింది. గది కట్టుకోవచ్చు, పాతికేళ్ళుగా పడుతున్న ఎండను మాత్రం ఆపకూడదు. జోగారావు తల గోక్కున్నాడు.

"ఇన్ని దేశాల ఆడవాళ్ళని పోగేసుకొస్తే నేనేం చెయ్యనండీ!" మేస్త్రిని కేకేసి, గది కోసం పోసిన సున్నం గీతను డాబా అవతలి అంచుకు జరిపించాడు. "వడియాలు మాత్రం మాకు ఫ్రీ."

"తెస్తలే," అంది లచ్చమ్మ. ఊర్మిళ వైపు తిరిగి, "గా కొరియామెకు దొరికిందా ఎండ?"

"లేదు పెద్దమ్మా. ఓడిపోయింది."

లచ్చమ్మ స్క్రీన్ మీది ఆ కొరియా అక్షరాల వంక అలాగే చూసింది. తర్వాత అడ్డం పట్టిన కొంగు తీసేసింది, వాటి మీద ఎండ పడేలా.